రెండో సొరబుర్ర

1956, శుక్రవారం రాత్రి. జమ్మలమడుగు.

రేపు పొద్దున్నే ఎర్రమల కొండల మీద రెండు దినాల నడక. బడి విడిచినాక మేము నలుగురు అయ్యవార్లమూ కూచొని మూటలు పంచుకున్నాం. నీళ్ళ మాట వచ్చేసరికి అందరూ నా తట్టే చూసినారు. ఆ దారి నడిచినోడిని నేనొక్కడినే అని ఎప్పుడో గొప్పలు చెప్పుకున్నా. నడిచింది మా నాయన, మేకలు తోలుకొని. నేను విన్నానంతే.

"రెండో కొండ మీద బండల్లో దొన ఉంది, ఎండాకాలంలో గూడా నీళ్ళుంటాయి. మనిషికో సొరబుర్ర నీళ్ళు చాలు" అన్నా.

"నువ్వుండగా మాకేం భయమప్పా" అన్నాడు మా నలుగురిలో పెద్దవాడు ఖాదర్ మామ.

ఇంటికొస్తాంటే మేకలు కాసే ఓబులేసు ఎదురైనాడు. దొన గురించి అడిగినా.

"రెండేండ్లాయె, ఆడ చుక్క నీళ్ళు లేవు" అన్నాడు.

ఖాదర్ మామ ఇల్లు పక్క వీధిలోనే. రెండుసార్లు చెప్పులేసుకొని రెండుసార్లూ విడిచినా. దొన ఎండిందని చెప్పడం కష్టం కాదు. ఎవరు చెప్పినారంటే, నువ్వు చూడలేదా అంటే...

నా సంచికి రెండో బుర్ర తగిలించినా. ఒకటి చాలంటివే, నీకెందుకు రెండు అని పొద్దున అడుగుతారు.

అడగాలనే తగిలించినానేమో.