మెయిన్ ఆపినా తిరిగిన మీటరు

బావగారికి,

కరెంటు పనిలో తలపండినవారని మిమ్మల్నే అడుగుతున్నాను. మీరు చెప్పినట్టే ఫ్యాను, ఫ్రిజ్, లైట్లు లెక్కేస్తే ఈ కొత్త అద్దె ఫ్లాటులో మాకు రోజుకి మూడు యూనిట్లు చాలు. కానీ ఆరు కాలుతున్నాయి. ఇవాళ మధ్యాహ్నం మెయిన్ స్విచ్ ఆపేసి చూశాను. మీటరు తిరుగుతూనే ఉంది.

మీటరు దగ్గర్నుంచి ఒక వైరు పడకగది గోడలోకి దూరింది. అక్కడ చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. చెవి ఆనిస్తే లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. కింద ఉండే ఇంటాయన్ని అడిగితే, "అటువైపు గదేం లేదమ్మా, మీ ఫ్లాటే చివరిది" అన్నాడు.

పైకొచ్చాక ఉండబట్టలేక గోడ తట్టాను. ఫ్యాను ఆగిపోయింది.

పాపను చంకనేసుకుని బయటికి వచ్చేశాను. మెట్ల మీద కూర్చుని ఇది రాసి ఆటో అతని చేతికిస్తున్నాను. అక్కకి చెప్పకండి, బెంగ పెట్టుకుంటుంది. మీరొచ్చేదాకా లోపలికి వెళ్ళను.

మీ మరదలు