నదికి ఇవతల పదకొండు ఇళ్ళు

నోవై,
నవంబరు 16, ఆదివారం.

ప్రియమైన మీకు,

ప్రభువు కాపుదలలో నేనిక్కడ క్షేమం. అక్కడ కాపెల్‌లో మీరూ ప్రిస్సిల్లా క్షేమంగా ఉన్నారని నిన్న ఫోన్‌లోనే విన్నాను గానీ, ఉత్తరమన్నాక ఆ మాట రాయకుండా మొదలుపెట్టడం నాకు చేతకాదు.

మీ పార్సిల్ మంగళవారం అందింది. గోంగూర సీసా మూత వదులై, నూనె కారి, మీ ఉత్తరంలో చివరి రెండు వరుసలు చెరిగిపోయాయి. అక్కడేం రాసి ఉంటారో ఊహించుకుని చదువుకున్నాను.

మీరు అడిగినవాటికి జవాబులు. హీటర్ బాగుచేశారు. కారుకి స్నో టైర్లు వేయించాను. రోజూ వండుకుంటున్నావా అన్నారు. ఆదివారం పప్పు చేస్తే బుధవారం దాకా వస్తుంది, ఆ తర్వాత ఏదో ఒకటి. పైఅంతస్తులో ఎవరో ఆరింటికి ఇంటికొచ్చి బూట్లు విప్పి పడేస్తారు. ఆ చప్పుడు వినగానే నేనూ లేచి అన్నం పెట్టుకుంటాను. వాళ్ళ ముఖం ఇంతవరకూ చూడలేదు.

తెలుగు చర్చికి వెళ్తూనే ఉన్నాను. కానీ ఈమధ్య ఆఖరి పాట అవగానే బయటికొచ్చేస్తున్నాను. పద్మజ ఆంటీ ప్రతివారం నా చెయ్యి పట్టుకుని, “ఇంకెన్నాళ్ళమ్మా ఈ రెండు కాపురాలు? ఇమ్మాన్యుయేల్ ఏమంటున్నాడు?” అని అడుగుతారు. ఆవిడ ప్రేమగానే అడుగుతారు. ఆ ప్రశ్నకి నా దగ్గరున్న జవాబే మంచిది కాదు.

అమ్మ పనేమిటో ప్రిస్సిల్లా క్లాసులో చెప్పాలట, సులువుగా రాయమన్నారు. ఇలా చెప్పమనండి. ఈ రాష్ట్రంలో ఒక్కో ప్రాంతానికి ఒక్కో టెలిఫోన్ కంపెనీ ఉంది. ఏ రోడ్డు దాకా ఎవరిదో వాళ్ళు ఎప్పుడో కాగితాలమీద గీసి ఇచ్చారు. కొన్ని పెన్సిల్‌తో గీసినవి, కొన్నిటిలో ఉన్న రోడ్లు ఇప్పుడు లేవు. అమ్మ వాటిని కంప్యూటర్ మ్యాప్‌లోకి ఎక్కిస్తుంది. రెండు కంపెనీల గీతలు కలవనిచోట మధ్యలో సన్నటి పట్టీ మిగిలిపోతుంది. అది ఎవరిదో తేల్చి గీతలు కలుపుతుంది. ఏ ఇల్లు గీతకి ఎటువైపు పడితే, అటువైపు కంపెనీ ఆ ఇంటికి ఫోన్ ఇవ్వాలి.

క్లాసుకి అంతవరకు చాలు. మిగతాది మీకు.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం నాటికి నా దగ్గర అలాంటి పట్టీలు నలభై మూడు మిగిలాయి. ఒక్కోదానికీ పాత కాగితం తీసి, ఫోన్ స్తంభాలు ఎవరివో కనుక్కుని తేల్చాలి. నేను అలా చేయలేదు. పట్టీలన్నిటినీ పక్కనున్న పెద్ద కంపెనీలో కలిపేయమని ఒకే కమాండ్ ఇచ్చి, లాప్‌టాప్ మూసి ఎయిర్‌పోర్ట్‌కి డ్రైవ్ చేశాను. మర్నాడు ప్రిస్సిల్లా పుట్టినరోజు.

ఆ పట్టీల్లో ఒకటి ఇక్కడికి మూడు గంటల దూరంలో, ఒక నదికి పడమటి ఒడ్డున ఉంది. పదకొండు ఇళ్ళు. ముప్పై ఏళ్ళకు పైగా వాళ్ళకి ఫోన్లు ఇచ్చింది పడమటి కంపెనీ. నా మ్యాప్‌లో అవి తూర్పు కంపెనీకి పోయాయి. మార్చిలో మంచుతుఫానుకి తీగలు తెగాయి. పడమటివాళ్ళు కొత్త మ్యాప్ చూసి, ఈ ఇళ్ళు ఇక మావి కావన్నారు. తూర్పువాళ్ళు నది దాటి మాకు కేబులే లేదన్నారు. అక్కడ సెల్ సిగ్నల్ అందదు.

జూన్‌లో, ఆ ఇళ్ళలో ఒకదానిలో, వాల్టర్ అనే ముసలాయన పశువులకొట్టంలో కుప్పకూలిపోయారు. ఆయన భార్యకి డెబ్బై ఎనిమిదేళ్ళు, చూపు మందగించి డ్రైవింగ్ మానేశారు. సెల్‌ఫోన్ పట్టుకుని సిగ్నల్ దొరికే గుట్టమీదికి నడిచి వెళ్ళడానికి నలభై నిమిషాలు పట్టింది. అంబులెన్స్ వచ్చేసరికి ఆయన లేరు.

ఫిర్యాదు ఆగస్టులో మా ఆఫీస్‌కి వచ్చింది. ఆ పట్టీ చరిత్ర తెరిస్తే నా పేరు, ఆ శుక్రవారం తేదీ, సాయంత్రం నాలుగు పది అని టైమ్ కనిపించాయి. గీత సరిచేయడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

మా లీడ్ అవినాష్‌తో చెప్పాను. “ఆ కంప్లైంట్ టికెట్ క్లోజ్ అయింది కదా ఫెబీ గారూ. ఇంక దాన్ని పట్టుకుని కూర్చోకండి” అన్నాడు.

“అలాంటివి ఇంకా నలభై రెండున్నాయి అవినాష్.”

“కంప్లైంట్ వస్తే చూద్దాం. మీ కాంట్రాక్ట్ ఎలాగూ అక్టోబరుతో అయిపోతుంది. హ్యాపీగా ఇంటికెళ్ళండి.”

సెప్టెంబరులో ఒక శనివారం నేనే అక్కడికి వెళ్ళాను. ఆ రోజు చర్చి పిక్నిక్‌కి వెళ్ళానని మీకు చెప్పాను. వాల్టర్ గారి భార్య పేరు లోయిస్, మన బైబిల్లో తిమోతి అవ్వ పేరే. గుమ్మంలోనే నిలబడి చెప్పేశాను, ఆ గీత గీసింది నేనేనని. మ్యాప్ తెచ్చావా అని ఆవిడ అడిగారు.

వంటింటి బల్లమీద పరిచాను. కళ్ళు దగ్గరగా పెట్టి చూస్తూ, “మా ఇల్లేది?” అన్నారు. చూపించాను.

“గీసేముందు ఎవరైనా వచ్చి చూశారా?”

“లేదండి.”

“వచ్చి ఉంటే మా గేటు దగ్గర స్తంభం కనబడేది. దానిమీద కంపెనీ పేరు రాసే ఉంది.”

క్షమించానని ఆవిడ అనలేదు. నేను అడగలేదు. కోటు తొడుక్కుని నా కారెక్కి కూర్చున్నారు. మిగతా పది ఇళ్ళకీ తీసుకెళ్ళి, ప్రతి గుమ్మంలోనూ, “ఈమె మ్యాప్ మనిషి. మీరు చెప్పాల్సింది ఈమెకు చెప్పండి” అన్నారు. చెప్పారు. చీకటి పడేదాకా విన్నాను. తిరిగొస్తూ దారిలో గ్యాస్ స్టేషన్‌లో కారాపాను. మీకు ఫోన్ చేద్దామని రెండుసార్లు తీసి, పక్కన పెట్టేశాను.

పడమటివాళ్ళు గత గురువారం ఆ పదకొండు ఇళ్ళకీ ఫోన్లు మళ్ళీ కలిపారు. మధ్యాహ్నం నా డెస్క్ ఫోన్ మోగింది. లోయిస్.

“ఫోన్ వచ్చింది. ఎవరికి చేయాలో తోచలేదు. నాకు కంఠతా వచ్చింది ఒక్క మా ఇంటి నంబరే. నీ కార్డు ఫ్రిజ్‌మీద ఉంటే చేశాను” అన్నారు.

వాళ్ళింట్లో రేడియో వినబడుతోంది. నీకెవరైనా ఉన్నారా అని అడిగారు. టెక్సస్‌లో భర్త, పదేళ్ళ కూతురు ఉన్నారన్నాను.

“మరి నువ్విక్కడేం చేస్తున్నావు?”

దీనికి జవాబు మీకు చెప్పాలి. ఇన్ని పేజీలు రాసింది ఈ మాట దగ్గరికి రావడానికే.

కాంట్రాక్ట్ మార్చి దాకా పొడిగించారని, కాదనడానికి వీల్లేదని అక్టోబరులో మీతో అన్నాను. అది అబద్ధం. వాళ్ళంతట వాళ్ళు ఎవరూ పొడిగించలేదు. ఫిబ్రవరిలో ఏం చేశానో, ఈ మ్యాప్ చేయించుకుంటున్న మా క్లయింట్‌కి రాసిచ్చి, మిగతా నలభై రెండూ స్వయంగా వెళ్ళి చూసి తేలుస్తానని నేనే అడిగాను. పైనుంచి మాట రావడంతో అవినాష్ కూడా సరే అన్నాడు. ఇప్పటికి పదిహేడు చూశాను. వాటిలో మూడు తప్పు. ఆ మూడింటిలోనూ మనుషులున్నారు.

మీరు కంపెనీని తిట్టుకుంటుంటే వింటూ ఊరుకున్నాను. క్రిస్మస్‌కి నేను రావడం లేదని తెలిసి ప్రిస్సిల్లా, “అమ్మా, నీ బాస్‌కి పిల్లలు లేరా?” అంటే నవ్వాను. నిజం చెబితే, పుట్టినరోజుకి రాకుండా ఉండాల్సింది అని ఎవరైనా అనుకుంటారేమో, ఆ మాట దాని చెవిన పడుతుందేమో అని భయపడ్డాను. దాని తప్పేమీ లేదు. సాయంత్రం ఫ్లైట్ బదులు రాత్రి ఆఖరి ఫ్లైట్ బుక్ చేసుకుని ఉంటే సరిపోయేది.

వచ్చే శనివారం దానితో నేనే మాట్లాడతాను. బాస్ కాదు, అమ్మే ఉండిపోయిందని చెప్తాను. అప్పటిదాకా మీరేం చెప్పకండి.

రేపు ఉత్తరానికి వెళ్తున్నాను. అక్కడొక రోడ్డుకి రెండు మ్యాపుల్లో రెండు పేర్లున్నాయి. పనంతా ఫిబ్రవరి చివరికి అవుతుందనుకుంటున్నాను. అయిన రోజే బయల్దేరతాను. ఈ ఇంట్లో మీతో మాట్లాడినట్టు పైకే మాట్లాడుకుంటున్నాను. అది అలవాటు కాకముందే వచ్చేయాలి.

మీకు కోపం వస్తుందని తెలుసు. వస్తే ఆ కోపమే రాయండి. ఊరుకోకండి.

ఇట్లు,
ప్రార్థనలో మిమ్మల్నిద్దరినీ తలుచుకునే
మీ భార్య,
ఫెబీ