తిరగేసిన జేబు

గురువారం, ఆళ్లగడ్డ

పొద్దున మా ఎరువుల షాపు షట్టర్ తెరుచుకోలేదు. నంద్యాల సెక్యూరిటీ సర్వీసోళ్లు పెట్టిపోయిన నంబర్ తాళం బిగుసుకుపోయింది. ఎన్నిసార్లు ఫోన్ చేసినా వాళ్లు ఎత్తలే. బయట రైతులు ఎండలో నిలబడిపోయినారు. ఇంక దారి లేక మస్తానన్నకు కబురు పంపినాను.

నాయన కాలం నుంచి మా తాళాలన్నీ చేసింది ఆయనే. పోయిన నెల పక్క షాపులో దొంగలు పడినప్పుడు నలుగురి ముందు ఆయన్ను అడిగినాను, "మా షాపుది ఇంకో తాళంచెవి నీ దగ్గర పెట్టుకోలేదు కదన్నా?" అని. ఆయన సంచి భుజానేసుకొని పోయినాడు. తాళంచెవి ఎప్పుడూ మన కళ్ల ముందే అరగదీసే మనిషి, సరిపోని వాటిని కూడా మన చేతిలోనే పెట్టిపోయే మనిషి. అది తెలిసీ అడిగినాను. ఆ వారమే వచ్చిన నంద్యాల వాళ్లు, "మీ తాళం నంబర్ మా ఆఫీసులో కూడా ఉంటాది సార్" అన్నారు. దానికి మాత్రం నవ్వుతా సంతకం పెట్టినాను.

ఈరోజు రాడనుకున్నా. వచ్చినాడు. "దగ్గరుండి చూడప్పా" అని పని మొదలుపెట్టి అరగంటలో తెరిచినాడు. టీ వద్దన్నాడు. పోయేముందు తన సంచి మొత్తం నా బల్ల మీద కుమ్మరించినాడు.

"ఏందన్నా ఇది? నేను అడగలేదు కదా."

"ఈసారి అడగలేదులే" అన్నాడు. చొక్కా జేబు కూడా బయటికి తిరగేసినాడు.

రైతులందరూ చూస్తాండారు. వద్దన్నా అని ఆయన చెయ్యి పట్టుకోవాల్సింది. పట్టుకోలేదు. నా కళ్లు నేరుగా ఆ జేబు మీదికే పోయినాయి.