ఆరో పాటకు మాటలు

16 ఫిబ్రవరి 1983, విభూది బుధవారం

నుదుటి విభూది చెరగకముందే రెనాటా రికార్డు పెట్టింది. వాళ్ల హార్డ్‌కోర్ బ్యాండ్ మొదటి రికార్డు. మూడు వందలు వేయించారు. ఎనిమిది పాటలూ కలిపి పదకొండు నిమిషాలే. పాడేది నా కూతురే గాని ఒక్క మాట అర్థమైతే ఒట్టు. గొంతు చిరిగేలా అరుస్తుంది. నొప్పి పుట్టదా అని అడిగాను.

"పుట్టాలనే కదమ్మా!" అని నవ్వింది. "ఆ అరుపులో మాటలు ఎవరికీ అందవు. అందుకే అట్ట లోపల మాటల కాగితం పెడతాం. చర్చి బులెటిన్ టైపు కొట్టే చేతులు, ఇదీ నువ్వే కొట్టిపెట్టు."

సరేనన్నాను.

17 ఫిబ్రవరి

పాటలు చదివాను. ఉద్యోగాల ఆఫీసు ముందు క్యూ మీద ఒకటి. నలుగురు పిల్లలు నిలబడితే తరిమే పోలీసుల మీద ఒకటి. పని లేని ఊళ్లకే వచ్చి సైన్యంలో చేరమనేవాళ్ల మీద ఒకటి. బూతులు నచ్చలేదు. కోపం తప్పనిపించలేదు.

ఆరోది వాళ్ల నాన్న మీద.

ఉక్కు మిల్లు మూతపడి రెండేళ్లు. పక్క ఊరి గోడౌన్‌లో చేస్తున్నానని మా ఆయన ఓండ్రెయ్ అందరికీ చెబుతాడు. రోజూ ఆరింటికి బయల్దేరి, తాళం వేసిన మిల్లు గేటు ముందు కారులో మూడింటిదాకా కూర్చుంటాడు. మాకు తెలుసని ఆయనకూ తెలుసు. ఆ మాట ఎవరం ఎత్తం.

సాయంత్రం 7

ఏడు పాటలే కొట్టాను. ఆరు అని అంకె వేసి, కింద ఖాళీ వదిలాను. జపమాల తిప్పాను. మనసు కుదుటపడలేదు.

18 ఫిబ్రవరి, శుక్రవారం

చర్చి కింది హాల్లో పిరోహీలు చేశాం. బంగాళదుంప కూరి అంచులు నొక్కడం అయ్యాక రికార్డు అట్టలు, కాపీలు తీసిన పాటల కాగితాలు బయటపెట్టాను. మడతలో మా ఆడవాళ్లకు ఎవరూ సాటిరారు. గంటలో మూడు వందలూ మడిచి, కాగితం లోపల పెట్టేశారు.

అట్ట మీద రెనాటా ఫొటో చూసి ఓల్గా, "ఏమే, దీనికి తిండి పెట్టడం లేదా? కరిచేలా ఉంది!" అంది. అందరూ నవ్వారు. తర్వాత నా చెవి దగ్గరికొచ్చి, "మీ ఆయన గోడౌన్‌లో మావాడికీ ఏదైనా చూడమనవే" అంది.

చెబుతానన్నాను. ఉపవాసాల తపస్సు కాలం మొదలై మూడు రోజులు కాలేదు, అప్పుడే అబద్ధం.

20 ఫిబ్రవరి

కాగితంలో ఆ ఖాళీ రెనాటా చూసేసింది. ఊరుకోలేదు.

"నువ్వు కొట్టకపోతే అది పాట కాదమ్మా, ఉత్త అరుపు!"

మీ నాన్న పరువు అన్నాను.

"పరువా? పెట్రోలు దండగని హీటర్ కూడా వేసుకోడు. చలికి వణుకుతూ కూర్చుంటాడు. నేను చూశాను. నువ్వెప్పుడైనా వెళ్లి చూశావా?"

వెళ్లలేదు.

22 ఫిబ్రవరి

రెనాటా కంచం తీసుకుని తన గదిలోకి పోయింది.

25 ఫిబ్రవరి

చర్చి ఆఫీసు నుంచి వచ్చేసరికి ఓండ్రెయ్ రికార్డు వింటున్నాడు. కాగితం చేతిలో ఉంది. వేలితో వరసలు చూసుకుంటున్నాడు.

"ఆరోదానికి మాటలేవి?" అన్నాడు.

మర్చిపోయానని అనొచ్చు. నోరు రాలేదు. సూది పక్కకు తీసి, పాటంతా నేనే చెప్పాను. ప్రార్థన చెప్పే గొంతుతోనే. మూడో గేటు దగ్గర నాన్న, కిటికీ అద్దం మీద నాన్న ఊపిరి. బూతులు కూడా వదల్లేదు.

ఆయన నావైపు చూడలేదు. లేచి కోటు వేసుకున్నాడు. మళ్లీ విప్పి కూర్చున్నాడు.

26 ఫిబ్రవరి

ఆరో పాట కొట్టడానికి టైప్ మిషన్ ముందు కూర్చున్నాను. ఓండ్రెయ్ వెనక నిలబడి, "మూడో గేటు కాదు. అక్కడ ఎండ పడదు. ఐదు" అన్నాడు.

ఐదు అని కొట్టాను.