మంగళవారం పొట్లం

ప్రియమైన అక్కకు,

సలాములు. నేను, నీ మరదలు, పిల్లలు కుశలం. నువ్వు ఎనిమిదేళ్ళుగా ఆ వృద్ధాశ్రమం వంటశాలలో కూరగాయల బల్ల దగ్గరే నిలబడి, మాంసం బల్లవైపు ముఖమైనా తిప్పకుండా నెట్టుకొస్తున్నందుకు గర్విస్తున్నాను.

ఈ ఊళ్ళో మన ముస్లిం కుటుంబాలు నలభై. మిగతా లక్షమందికి పందికీ బంగాళాదుంపకీ తేడా లేదు. కనుక గత నెల నమాజు హాలులో ‘ఆహార శుద్ధి ఉపసంఘం’ ఏర్పడిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. అధ్యక్షుడు దర్జీ. కార్యదర్శిని నేను. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసేవాణ్ణి కాబట్టి, చీమ తలకాయంత అక్షరాలు చదివే భూతద్దం నా దగ్గర ఉండటమే నా అర్హత. ఏది పరిశీలించినా నింపవలసిన గళ్ళ పత్రం ఒకటి నేనే తయారుచేశాను.

ఇంతవరకు తేలిన విషయాలు. పిల్లలు చప్పరించే మెత్తటి మిఠాయి, పంది తోలు ఉడికించి తీసిన జిగురు. జున్నును దూడ కడుపులోని రసంతో విరుస్తారు. ఆ దూడను ఎవరు కోశారో, ఏ పేరు తలచి కోశారో జున్ను చెప్పదు. రొట్టె పిండిలో కలిపే ఒక పొడిని పక్షి ఈకల నుంచి గాని, మనిషి వెంట్రుకల నుంచి గాని తీస్తారట. ఆ రొట్టె నేను పదకొండేళ్ళుగా తింటున్నాను. ఎవరి జుట్టో తెలియదు. ఆ పూట మూడుసార్లు పళ్ళు తోముకున్నాను. పేస్టులో కూడా కొవ్వు నుంచి తీసిన ద్రవం ఉండవచ్చునని నాలుగోసారి తోముకునే ముందు భూతద్దంలో చదివాను.

మన నలభై ఇళ్ళకూ నమ్మకమైన మాంసం దొరికేది ఒక్క కసాయి పెద్దాయన దుకాణంలోనే అని నీకు తెలుసు. ఆయన గురించి ఉపసంఘానికి ఒక సమాచారం అందింది. విషయం గోప్యం.

ఇట్లు,
నీ తమ్ముడు (కార్యదర్శి)

*

ప్రియమైన చిన్నోడా,

నీ ఉత్తరం భోజనానికి ముందు విప్పడం నాదే బుద్ధితక్కువ. ఎవరి జుట్టోనట! రెండు పూటలు రొట్టె ముట్టలేదు.

‘గోప్యం’ అని రాసి మరీ అక్కకు చెప్పేవాడివి నువ్వొక్కడివే. ఏమిటా సమాచారం? నేను మీ ఊరొచ్చినప్పుడు, “తమ్ముడి అక్కవంటే నాకు చెల్లెలివే కదమ్మా” అని మంచి ముక్కలు ఏరి కట్టిచ్చిన మనిషి ఆయన. అనుమానం ఉంటే వెళ్ళి ఆయన్నే అడుగు. దేవుడు నోరిచ్చింది పేస్టు రుచి చూడటానికేనా?

మోకాలు నొప్పి అలాగే ఉంది. మరదలికి దీవెనలు.

అక్క

*

ప్రియమైన అక్కకు,

సలాములు. నువ్వు ఎలాగూ వదలవు కనుక చెబుతున్నాను. ఒక మంగళవారం దర్జీ బస్సులో వస్తూ, పెద్దాయన పంది మాంసం అమ్మే దుకాణంలోంచి పొట్లంతో బయటికి రావడం చూశాడు. ఉపసంఘం అత్యవసరంగా కూడింది. బిస్మిల్లా అని దేవుడి పేరు తలచుకొని చర్చ ప్రారంభించాము. కంటితో చూడనిదే తీర్పు చెప్పరాదు కనుక, నిఘా పెట్టాలని తీర్మానించాము.

తర్వాతి నాలుగు మంగళవారాలు ఎదురుగా ఉన్న బస్సు స్టాపులో నేనే నిలబడ్డాను. నాలుగుసార్లూ వచ్చాడు. పొట్లాన్ని సంచిలో, ఆ సంచిని మరో సంచిలో పెట్టి, చచ్చిన ఎలుకను తోక పట్టుకొని తీసుకుపోయినట్టు చేయి బారచాచి, ఒంటికి తగలకుండా, ముఖం అటు తిప్పుకొని నడిచాడు. అపరాధ భావానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? తిన్నగా తన దుకాణం ఉన్న భవనంలోకే వెళ్ళాడు. అదే చేత్తో కోసిన మాంసం మేం తింటున్నాం కదా!

మేము ఎవరినీ నిందించలేదు. ‘కొంచెం చూసి కొనండి’ అని నలభై ఇళ్ళకూ ఫోను చేశాము, అంతే. పదో ఇంటికి చేరేసరికి పొట్లం గోతామైంది. ఇరవయ్యో ఇంట్లో రెండు మాంసాలకూ కత్తి ఒకటేనన్నారు. నలభయ్యో ఇంట్లో, కైమాలో కలుపుతున్నాడని కళ్ళారా చూసినవాళ్ళే ఇద్దరున్నారు. ప్రజల జాగరూకతకు ఉపసంఘం హర్షం వ్యక్తం చేసింది.

ఇట్లు,
నీ తమ్ముడు

*

ప్రియమైన చిన్నోడా,

ఇంతకీ ఆయన్ని అడిగారా?

అక్క

*

ప్రియమైన అక్కకు,

సలాములు. నీ ఉత్తరంలో క్షేమసమాచారాలు లేకపోవడం గమనించాను. అడగలేదు. అడిగితే విషయం ఆయనకు తెలిసిపోతుంది. అది విచారణకు భంగకరం.

ఆ శుక్రవారం ఆయన నమాజుకు వచ్చాడు. వరుసలో ఆయనకు అటొక మనిషి, ఇటొక మనిషి పట్టేంత జాగా మిగిలిపోయింది. ఎవరూ జరగమని చెప్పలేదు. అందరూ ఎవరంతట వారే జరిగారు. ఆయన ఒకసారి అటూ ఇటూ చూసి, కళ్ళు మూసుకొని నమాజు చేసి వెళ్ళిపోయాడు. పై వారానికి దుకాణం మూతపడింది. తప్పు లేనివాడు తలుపు ఎందుకు మూస్తాడని దర్జీ అడిగాడు. ఆ మాట పత్రంలో ఎక్కించాను.

ఇప్పుడు మాకు పెద్ద బజారు నుంచి గడ్డకట్టిన మాంసం వస్తోంది. ప్రతి పొట్లంపై ‘హలాల్’ ముద్ర ఉంది. భూతద్దంతో చూశాను, ముద్ర లక్షణంగా ఉంది. అదే ముద్ర కొవ్వొత్తులపైనా, పిల్లి తిండి డబ్బాపైనా ఉంది. విచారించగా, కౌంటరు దగ్గరి అమ్మాయి, “మీరు అడుగుతున్నారని ముద్ర కాగితాలు చుట్టలు చుట్టలు తెప్పించామండీ, అన్నిటికీ అంటించేశాం” అంది. పిల్లుల మతం విషయమై ఉపసంఘం ఇంకా ఒక నిర్ణయానికి రాలేదు. ఆ మాంసం కరిగితే తడిగుడ్డ వాసన వేస్తోంది. నీ మరదలు వండుతోంది. మేము మింగుతున్నాము.

ఇట్లు,
నీ తమ్ముడు

*

ప్రియమైన చిన్నోడా,

రెండు నెలలుగా రాయలేదు. నీ ఉత్తరాలు చదివితే నాకు చేతులు కడుక్కోవాలనిపించేది, అందుకని.

పోయిన వారం మా ఆశ్రమానికి నడవలేని ఒక ముసలావిడ వచ్చింది. చక్రాల కుర్చీ తోసుకుంటూ వెంట వచ్చినాయన, ఆవిడను గదిలో దింపి, వంటశాల తలుపు దగ్గరికొచ్చి, “పనేమన్నా ఉందా అమ్మా” అన్నాడు. తలెత్తి చూద్దును కదా, మీ కసాయి పెద్దాయన. ఖాళీగా ఉన్నది గిన్నెలు తోమే పని ఒక్కటే. చేరాడు.

అడిగాను. నాలుగు ఉల్లిపాయలు ఒలిచేంత సేపు పట్టింది. మీ ఉపసంఘానికి ఐదు మంగళవారాలు పట్టి కూడా తెలియలేదు.

ఆవిడ ఆయన దుకాణం పైవాటాలో ఒంటరిగా ఉండేది. మన మతం కాదు. ఆయన ఆ ఊరొచ్చిన కొత్తలో జ్వరంతో మూడు వారాలు లేవలేకపోతే, “ఇది తింటావా, అది తినవా” అని ఒక్కొక్కటీ అడిగి తెలుసుకొని, తన గిన్నెలు వాడకుండా కొత్త గిన్నె ఒకటి కొని, దానిమీద సుద్దతో గుర్తు పెట్టి, అందులో దుంపలు ఉడకబెట్టి పెట్టిందట. తర్వాత ఆవిడ కాళ్ళు పడిపోయాయి. వారానికోసారి తనకిష్టమైన ఆ మాంసం తెచ్చిపెట్టే దిక్కు లేదు. “ఆవిడ నా తిండిని గౌరవించింది, ఆవిడ తిండిని నేను మోయలేనా చెల్లెమ్మా? వాసనకి వాంతొచ్చేది. చేయి చాచి పట్టుకునేవాణ్ణి,” అన్నాడు. చేయి బారచాచి, ముఖం అటు తిప్పుకొని. నువ్వు రాసినట్టే. నువ్వు బాగా చూశావు తమ్ముడూ, ఊరందరికీ అద్దాలు చేసేవాడివి కదా.

ఇప్పుడు విను. ఇక్కడ రోజూ పంది మాంసం వండిన బానలు నాలుగు. అడుగున తెల్లగా పేరుకున్న కొవ్వు మోచేతిదాకా అంటుకుంటుంది. మొదటిరోజు తోమి, వెనకవైపు వెళ్ళి కక్కుకొని, ముఖం కడుక్కొచ్చి మళ్ళీ తోమాడు. నా బల్లకు మారమన్నాను. “ఎవరో ఒకరు తోమాలి కదమ్మా, నీ మోకాలికి ఆ బరువులెందుకు” అన్నాడు. అప్పుడు మీరు చెప్పింది అబద్ధం. మీ పుణ్యమా అని ఇప్పుడు ఆయన చేతులు నిజంగానే అందులో ఉన్నాయి.

ఒకరి వెనక వారి గురించి చెడుగా చెప్పుకోవడం చచ్చిన తోబుట్టువు మాంసం తినడమేనని నాన్న అనేవాడు, గుర్తుందా? ‘ఛీ’ అని నువ్వు కంచం వదిలేసి లేచిపోయేవాడివి. ఆ ‘ఛీ’ ఎక్కడ పోగొట్టుకున్నావురా?

అక్క

*

ప్రియమైన అక్కకు,

సలాములు. ఉపసంఘం పత్రాన్నే వాడుతున్నాను. వేరేలా రాయడం మరిచిపోయాను.

పరిశీలించిన వస్తువు, కార్యదర్శి నోరు. లభించిన పదార్థం, మాంసం. ఎవరిది, సోదరుడిది. కోసిన విధానం, నాలుకతో. కోసేముందు దేవుడి పేరు తలచినారా? తలచినారు, ప్రతి సమావేశంలోనూ. పంపిణీ, నలభై ఇళ్ళకు, తాజాగా ఉండగానే. తినదగినదా? ఈ గడి నింపబోతుండగా వాంతి అయినది.

శుక్రవారం నమాజు తర్వాత లేచి, ఆ పొట్లం ఎవరిదో అందరికీ చెప్పాను. దర్జీ, “ఇప్పుడు అదంతా తవ్వడం ఎందుకు, సద్దుమణిగింది కదా” అన్నాడు. ఒకరు, “పాపం మంచివాడని మేం అప్పుడే అనుకున్నాం” అన్నారు. అలా అప్పుడే అనుకున్న ఇళ్ళు ఇప్పటికి ముప్పై తొమ్మిది తేలాయి. మాది తప్ప. ఆ నోళ్ళను చూస్తుంటే కలిగిన అసహ్యం, ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే ఇంకా పెరిగింది. భూతద్దం దుకాణంలోనే వదిలేశాను, ఉపసంఘాన్ని కూడా.

దేవుడికి చేసిన తప్పు దేవుడు క్షమిస్తాడు. మనిషికి చేసింది ఆ మనిషే క్షమించాలి. మంగళవారం బస్సుకి వస్తున్నాను. నాలుగు బానల్లో రెండు నావి. ఉత్త చేతులతో తోముతాను. నేను ఏం చేశానో ఆయనకు ముందే చెప్పు.

తమ్ముడు

*

ప్రియమైన చిన్నోడా,

చెప్పాను. బస్సు స్టాపులో నిలబడింది నువ్వేనని కూడా చెప్పాను. “తెలుసు, రెండోవారమే చూశాను. పలకరిస్తాడేమో అనుకున్నా” అన్నాడు. ఆ తర్వాత రెండు బానలు తోమాడు.

క్షమిస్తావా అన్నా అని నేనే అడిగాను. “ఏమో చెల్లెమ్మా, ఇంకా తెలియడం లేదు,” అని చేతులు కడుక్కొని, కడుక్కొని, మళ్ళీ కడుక్కొని బయటికి వెళ్ళాడు. వచ్చేటప్పుడు ఒక కొత్త గిన్నె తెచ్చాడు. దానిమీద సుద్దతో గుర్తు పెట్టి, వేరే ఎవరూ ముట్టకుండా పై అరలో బోర్లించాడు. “క్షమించడం సంగతి అతను వచ్చాక చూద్దాం. అంత దూరం నుంచి ఆకలితో వస్తాడు, ఇక్కడ అతను తినేదేమీ ఉండదు కదా,” అన్నాడు.

దుంపలు నేను ఒలిచిపెడతాను. తోమేటప్పుడు తొడుగులు వేసుకో, వేషాలు వేయకు.

అక్క