బొలెవార్డు మీద ట్రినీ

మార్చి 3, ఆదివారం

ట్రినీ ఈరోజు నన్ను "మీరు" అంది.

యాభై ఏళ్ళ పైగా నన్ను "ఒసేయ్" అని తప్ప పిలవని మనిషి. వృద్ధుల హోమ్‌లో దుప్పట్లు మార్చడానికి వచ్చినావిడతో మాట్లాడినట్టు, మీరొచ్చారు, సంతోషం, కూర్చోండి అంది. కూర్చున్నాను. గంటసేపు నవ్వుతూనే కూర్చున్నాను. పార్కింగ్‌లో నా టొయోటా తలుపు వేసుకున్నాక ఏడ్చాను.

మాండో కూడా ఉన్నాడు, ట్రినీ కొడుకు. ఈస్టర్ వెళ్ళగానే అమ్మని టూసాన్ తీసుకుపోతాడట. అక్కడ వాళ్ళ ఇల్లు పెద్దది, భార్య మంచిది, కింద గది ఖాళీగా ఉంది. వాడి మీద కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను. కారణం దొరకలేదు.

నాకు కావలసింది ఒక్కటే. వెళ్ళేలోపు ట్రినీ నన్ను ఒక్కసారి గుర్తుపట్టాలి. ఆ తర్వాత టూసాన్ పోనీ, చంద్రమండలం పోనీ.

మార్చి 4

డెబ్బై రెండేళ్ళొచ్చాయి మినా నీకు. చిన్నపిల్లలా అలగడం మానెయ్.

మార్చి 6, బుధవారం

పాత ఫోటో పట్టుకెళ్ళాను. మా నలుగురం కారుకి ఆనుకుని నిలబడ్డది. నేను, ట్రినీ, లిడియా, దాని చెల్లెలు చాటా. జుట్లు చూస్తే పిట్టలు గూళ్ళు పెట్టేలా ఉన్నాయి.

ట్రినీ ఫోటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. వేలితో తడిమింది. "వంకాయ!" అంది.

కారు పేరు అది. దాని రంగు అది. కారుని గుర్తుపట్టింది! దాని ముందు పళ్ళికిలించి నిలబడ్డ నన్ను మాత్రం, "ఈ అమ్మాయిలెవరండీ" అని నన్నే అడిగింది. ఒళ్ళు మండింది. ఆ కారుకి సీట్లు కుట్టింది నేను. చిన్నాన్న సీట్లు కుట్టే షాపులో మిగిలిన వెల్వెట్ ముక్కలన్నీ ఏరుకొచ్చి, రాత్రీ పగలూ మిషన్ తొక్కి, వేళ్ళు చిల్లులు పొడుచుకుని కుట్టాను. పోయి పోయి ఒక ఇనుప డబ్బా మీద అసూయ పడుతున్నాను ఇప్పుడు.

యాభై తొమ్మిది మోడల్ షెవీ కారు అది. పాత సామాన్ల యార్డులో చచ్చి పడుంటే నలుగురం చేరి బతికించాం. అప్పటికి మా పేట పెద్దరోడ్డు, బొలెవార్డు మీద ఆడపిల్లలంటే పక్క సీట్లో కూర్చునేవాళ్ళే, తోలేవాళ్ళు కాదు. అక్కడ కారు ఎంత నేలకి దిగితే అంత గొప్ప. మాకు స్ప్రింగులు కోయించే స్తోమత లేక డిక్కీలో ఇసుక బస్తాలు వేసి కారు వెనక భాగం నేలకి దించాం. మగపిల్లలు ఊరుకుంటారా? బస్తాలెందుకు, మీరు నలుగురూ వెనక కూర్చుంటే చాలదా అని కేకేశారు. చాలదు, అందుకే మిమ్మల్ని కూడా డిక్కీలో వేద్దామనుకుంటున్నాం అంది ట్రినీ, స్టీరింగ్ మీంచి చెయ్యి తీయకుండానే.

ఆదివారం సాయంత్రం మొదలుపెడితే ఆ చివర్నుంచి ఈ చివరికి చక్కర్లు. ఎక్కడికీ వెళ్ళేది లేదు, ఎవరికీ తొందర లేదు. ఎవడైనా నడుచుకుంటూ మమ్మల్ని దాటిపోతే అది మాకు గొప్ప. ఒక చక్కరు పూర్తయ్యేసరికి లిడియా చేతి గోళ్ళకి రంగు వేసి, ఆరబెట్టి, రెండో కోటు కూడా వేసేది. లిడియా పోయింది, చాటా పోయింది. కారు ఇంజను పట్టేస్తే అమ్మేశాం. పోలీసులు రోడ్డు మూసేశారు. ఆ తర్వాత అన్నేళ్ళూ ఒకే సాయంత్రం అక్కడ రెండో చక్కరు కొడితే నేరమే. ఈ జనవరిలో చట్టం మార్చారు. మళ్ళీ ఆదివారాలు కార్లు వస్తున్నాయట. నేనింకా వెళ్ళి చూడలేదు, ఒక్కదాన్నే ఏం చూస్తాను?

మార్చి 10, ఆదివారం

రూబెన్‌ని భోజనానికి పిలిచాను. మా తమ్ముడి కొడుకు. వాడికి అరవై నాలుగు మోడల్ ఇంపాలా కారు ఉంది, దానిమ్మ గింజ రంగు, కారుని దించి లేపే హైడ్రాలిక్స్, చక్రాలకి తీగల్లాంటి ఊచలు, సమస్తం. కారు తర్వాతే నేను అని వాడి భార్య నాతో అంది. నవ్వుతూనే అంది. దాంట్లో తినకూడదు. తాగకూడదు. తలుపు గట్టిగా వేయకూడదు. ఆ సీట్లు కుట్టింది నేనే, అయినా ఎక్కే ముందు చెప్పులు దులుపుకోమని నాకే చెప్తాడు.

రెండు గిన్నెలు కాపిరోతాదా తిన్నాడు. ఈస్టర్ ముందు లెంట్ ఉపవాసాల రోజుల్లో మా అమ్మ చేసినట్టే, బెల్లం పాకంలో నానిన రొట్టె, పైన జున్ను. మూడో గిన్నె పెడుతూ విషయం చెప్పాను. ట్రినీని ఒకసారి బొలెవార్డుకి తీసుకెళ్ళాలి, ఆ కారులో కూర్చుంటే దానికి అన్నీ గుర్తొస్తాయి అని. వాడు చెంచా పక్కన పెట్టి, "అత్తా, మూడో గిన్నె పెట్టినప్పుడే అనుకున్నా" అన్నాడు. కానీ ఒప్పుకున్నాడు.

మార్చి 17, ఆదివారం

రాయబుద్ధి కావడం లేదు. రాస్తాను.

రూబెన్ కారు హోమ్ ముందుకి తెచ్చి, ముచ్చటపడి, నేలకి ఆనేలా దించి పెట్టాడు. వరండాలో ముసలాళ్ళందరూ బయటికొచ్చారు. ఒకాయన ఈల కూడా వేశాడు. ట్రినీ వాకర్ పట్టుకుని వచ్చి కారుని చూసింది. నవ్వింది. అసలు నవ్వు, మా ట్రినీ నవ్వు.

తీరా చూస్తే సీటు దాని మోకాలి కంటే కింద ఉంది. కూర్చోవాలంటే పడిపోవాల్సిందే. రూబెన్ స్విచ్ నొక్కి, సీటు దాని నడుం ఎత్తుకి వచ్చేదాకా కారుని లేపాడు. ఆ యంత్రాలు కారుని కిందికి దించడానికి పెట్టించుకుంటారు. మేం ముసలి మోకాళ్ళ కోసం పైకి లేపుకున్నాం. అందరం నవ్వాం. అంతా బాగా జరుగుతోందనుకున్నాను.

పక్క సీటు తలుపు తీశాను. మెత్త దిండు వేశాను. మాండో చెయ్యి అందించాడు. ట్రినీ ఎక్కలేదు. వాకర్ తిప్పుకుని, కారు చుట్టూ నడిచి, రెండో వైపు తలుపు పిడి పట్టుకుని నిలబడింది. రూబెన్ మెల్లగా, అటు కాదమ్మా, ఇటు అన్నాడు. మాండో భుజం పట్టుకుని తిప్పబోయాడు. వాడి చేతి మీద ఫట్‌మని కొట్టింది. ఎవరు మీరంతా, నన్ను వదలండి అని అరిచింది. తర్వాత ఏడ్చింది. నర్సు వచ్చి లోపలికి తీసుకుపోయింది.

మాండో నా వైపు తిరిగాడు. "పిన్నీ, ఇక చాలు. నీ ముచ్చట కోసం మా అమ్మని ఏడిపించకు."

నిజమే. ముచ్చట నాదే.

మార్చి 18, పొద్దున ఆరు

ఎంత మొద్దుని నేను!

ట్రినీని పక్క సీట్లో కూర్చోమన్నాం. ట్రినీని! వంకాయలో అది ఒక్కరోజైనా పక్క సీట్లో కూర్చోగా చూశానా? మాండో ఎనిమిదో నెల కడుపులో ఉన్నప్పుడు సీటు వెనక్కి జరుపుకుని మరీ తోలింది. దింపుతాను ఎక్కమని ఏ మగపిల్లాడు అడిగినా, నువ్వే నాదాంట్లో ఎక్కు అనేది. అలాంటి మనిషికి దిండు వేసి, చెయ్యి పట్టుకుని, సామాను ఎక్కించినట్టు ఎక్కించబోయాం. పెద్దావిడ కదా అని మర్యాద చేశాం. దానికది అవమానం. కొట్టిందంటే కొట్టదూ మరి.

మార్చి 20, బుధవారం

మాండోతో మాట్లాడాను. అమ్మ చేత కారు తోలిస్తావా, మతి పోయిందా పిన్నీ అన్నాడు. తోలించను, ఆపి ఉన్న కారులో స్టీరింగ్ ముందు కూర్చోబెడతాను, తాళంచెవి రూబెన్ జేబులో ఉంటుంది, బొలెవార్డు మీద సగం కార్లు రోడ్డు పక్కన ఆగే ఉంటాయి కదా అన్నాను. వద్దన్నాడు. బతిమాలాను. వద్దన్నాడు.

చివరికి ఉన్నమాట చెప్పేశాను. నన్ను ఒక్కసారి గుర్తుపడితే చాలురా, అందుకే ఇదంతా అని.

"క్రిస్మస్ నుంచి మా అమ్మ నన్ను పేరు పెట్టి పిలవలేదు పిన్నీ" అన్నాడు.

ఇన్నాళ్ళూ నా ఏడుపు నేను ఏడ్చాను గానీ, నీ సంగతేమిట్రా అని వాణ్ణి అడగలేదు. ఇంక బతిమాలలేదు. ఇద్దరం కాఫీ తాగాం.

మార్చి 22, శుక్రవారం

మాండో ఫోన్ చేశాడు. ఈస్టర్ నాడు, ఒక్క గంట, అన్నాడు.

మార్చి 23, శనివారం

రూబెన్‌కి చెప్పాను. స్టీరింగ్ ముందు వాడు తప్ప ఇంకెవరూ ఇంతవరకు కూర్చోలేదు, సొంత భార్య కూడా. బయటికెళ్ళి కారు కడిగాడు. శుభ్రంగా ఉన్న కారుని సాయంత్రం దాకా కడిగాడు. తర్వాత లోపలికొచ్చి, చేతులు తుడుచుకుంటూ, ఆవిడ ఎంత పొడుగుంటుంది అత్తా, సీటు ఎంత ముందుకి జరపాలి అని అడిగాడు.

మా తమ్ముడు ఉంటే ఎంత మురిసిపోయేవాడో.

మార్చి 31, ఈస్టర్

అన్నీ రాసుకోవాలి, మళ్ళీ మర్చిపోతాను.

చర్చిలో పూజ నుంచి నేరుగా వచ్చాను, పసుపు గౌను, లిప్‌స్టిక్. రూబెన్ బొలెవార్డు మీద చెప్పుల దుకాణం ముందు కారు ఆపి, పైకి లేపి ఉంచాడు. మాండో వాళ్ళమ్మని తెచ్చాడు. ఈసారి ఎవరూ ఏమీ చెప్పలేదు, ఎవరూ చెయ్యి పట్టుకోలేదు. రూబెన్ డ్రైవర్ వైపు తలుపు తీసి దూరంగా జరిగాడు. ట్రినీ వాకర్ వదిలేసి, తలుపు పట్టుకుని, మొదట నడుం సీటుకి ఆనించి, తర్వాత ఒక్కో కాలూ లోపలికి పెట్టుకుంది. స్టీరింగ్ పైన మణికట్టు వేలాడేసింది, ఒక్క చెయ్యే. అలాగే తోలేది.

నేను లోపల కూర్చోలేదు. ధైర్యం చాలలేదు. అది మళ్ళీ "మీరు" అంటే? ఫుట్‌పాత్ మీద నిలబడ్డాను.

కార్లు వస్తూనే ఉన్నాయి. ఎండ పడి రంగులన్నీ మెరుస్తున్నాయి. పిల్లలు టోపీలు పెట్టుకుని కిటికీల్లోంచి చేతులూపుతున్నారు. రూబెన్ వంగి స్విచ్‌లు చూపించబోయాడు. అవసరం లేకపోయింది, తర్వాత్తర్వాత డబ్బు కూడబెట్టి వంకాయకీ ఇవే పెట్టించాం కదా. ట్రినీ చెయ్యి డాష్‌బోర్డు అడుగున తడుముకుని వాటిని తనే పట్టుకుంది. కారు ముందు భాగం బుస్సుమని కిందికి దిగింది. మా మధ్య అది నమస్కారం. తలవంచినట్టు. అటుగా వెళ్తున్న ఆకుపచ్చ మాంటీ కార్లో కారులో తెల్ల మీసాల ఆయన చూశాడు. వెళ్తూ వెళ్తూనే తన కారుతో తలవంచాడు.

ట్రినీ నవ్వింది. కారుని లేపింది, మళ్ళీ దించింది. ఎదురుగా వచ్చిన ప్రతి కారూ జవాబిచ్చింది. ఒక్కటీ ఊరికే పోలేదు. రూబెన్ నల్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, దుమ్ము పడిందట. మాండో వచ్చిన దగ్గర్నుంచీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడు వాళ్ళమ్మ కిటికీ పక్కకి వెళ్ళి కారు పైకప్పు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. బాగుందా బాబూ నా కారు అని ట్రినీ వాణ్ణి అడిగింది. బాగుందమ్మా అన్నాడు.

అప్పుడు అటు వైపు కిటికీలోంచి నన్ను చూసింది. చెప్పుల దగ్గర మొదలుపెట్టి జుట్టు దాకా చూసింది. ఇప్పుడంటుంది, ఇప్పుడే అంటుంది అనుకున్నాను.

"ఏమే పిల్లా, ఒక్కదానివే నిలబడ్డావేం? నీవాళ్ళు రాలేదా?"

రాలేదు అన్నాను.

"అయితే ఎక్కు. ఊరికే కాళ్ళు నొప్పి."

ఎక్కాను. చెప్పులు దులుపుకోలేదు, రూబెన్ ఏమీ అనలేదు. నా పేరడిగింది. మినా అన్నాను. భలే ఉందే, మాదానికీ అదే పేరు అంది. సీటు మీద చెయ్యి రాసి చూపించింది. "ఇదిగో, ఇవన్నీ అదే కుట్టింది. ఇటు నుంచి అటు వెతుకు, ఒక్క కుట్టు వంకర చూపించు నాకు. నోరు మాత్రం పెద్దది. కానీ అది లేకపోతే నాకు ఆదివారం ఆదివారంలా ఉండదు."

మంచి స్నేహితురాలిలా ఉందే అన్నాను. ట్రినీ రోడ్డు వంక చూస్తూ, "ఉండు, వస్తుంది. పరిచయం చేస్తా" అంది.

గంట అయ్యాక కూడా మాండో వాచీ చూసుకోలేదు. లిడియా, చాటా సోడాలు కొనడానికి వెళ్ళారు, వాళ్ళొస్తే కాస్త జరగాలి అని ట్రినీ చెప్పింది. జరుగుతాను అన్నాను. వీధి దీపాలు వెలిగేదాకా అలాగే కూర్చున్నాం. ఇంత సంతోషంగా ఎన్నేళ్ళ కిందట ఉన్నానో గుర్తులేదు. ఇంటికొచ్చి ఏడ్చాను కూడా. రెండూ నిజమే.

ఏప్రిల్ 2

వెళ్ళిపోయారు. కారులో తోలే సీటు కోసం పేచీ పెట్టిందట. మాండో తనకి రానట్టు నటించి, నాకు తోలడం నేర్పమ్మా, పక్కనుండి చూడు అన్నాడట. సరే అని కూర్చుందట.

ఏప్రిల్ 5, శుక్రవారం

మాండో ఫోన్. అమ్మ కులాసా. బొలెవార్డు మీద ఒక పిల్ల పరిచయమైందని అక్కడ అందరికీ చెప్తోందట. పసుపు గౌను పిల్ల, పాపం ఒక్కతే నిలబడి ఉందట. వచ్చే ఆదివారం ఆ పిల్లని మినాకి చూపిస్తుందట. వాళ్ళిద్దరికీ బాగా పడుతుందట.

చూడాలి. మినా అంత తేలిగ్గా ఎవరితోనూ కలవదు.