శేఖర్ నంబరు

శుక్రవారం రాత్రి, గద్వాల

ఈ రోజు చెప్పిన అబద్ధాన్ని ఇంకెవరితోనూ చెప్పుకోలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

సరిహద్దులో సిపాయిగా ఉన్న దానియేలు ఫోన్ యుద్ధం మొదలైనప్పటి నుంచి కలవడం లేదు. మధ్యాహ్నం, మా ఇంట్లో నూలు కండెలు చుట్టే వాళ్ల అమ్మ మరియమ్మ ఒక చీటీ పట్టుకుని నా మగ్గం దగ్గరకు వచ్చింది.

"బిడ్డా, సదువుకున్నదానివి, గీ నంబరు జర కలుపు. శేఖరంట, నా కొడుకు దోస్తు. నాకన్న వానితోనే ఎక్కువ ముచ్చట పెడ్తడు! ఏమన్న అయితే గాయనకే చెయ్యమన్నడు."

అది నా నంబరు. మా ప్రేమ సంగతి మా నాయనకు తెలియకూడదని దానియేలు నాకు పెట్టిన పేరు శేఖర్. ఆమె ఫోన్‌లో నొక్కాను. మగ్గం గుంటలో, నా కాళ్ల దగ్గర దాచిన ఫోన్ గుర్రుమంది. ఆ మోత వినబడకుండా, అడ్డపోగు వేసే నాడెను ముట్టకుండానే మగ్గం గట్టిగా తొక్కాను.

"నాడె ఎయ్యకుండ తొక్కుతున్నవేందే, పోగులు తెంపుతవా?" అని పక్క మగ్గం నుంచి నాయన అరిచాడు.

"ఎత్తుతలేడు అత్తా," అన్నాను.

"గాయనకు గూడ ఏమైందో ఏమో, సోమారం మల్ల కలుపుదం," అని ఆమె కళ్లు తుడుచుకుంది.

నాయన లేకపోతే చెప్పేదాన్నా? ఏమో. ఆమె ఏడ్చింది, నేను నేశాను.

దానియేలూ, సోమవారం మీ అమ్మ మళ్లీ ఆ చీటీ తెస్తుంది. ఆదివారంలోగా ఒక్క మాట రాయి. నాకు కాకపోయినా సరే, ఆమెకే రాయి. చదివి వినిపించేది నేనే కదా.